లారీ ఎక్కేముందే లెక్క తేలాలి!

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళ కాలంలో ఇన్ని అద్దె ఇళ్ళు లేవు కాబట్టి సరిపోయింది. ఉండి ఉంటే 'ఇల్లు మారి చూడు' అని మూడోది కూడా చేర్చేవారే!

ఏ ఆదివారమైనా పొద్దున్నే గచ్చిబౌలిలో అంజయ్య నగర్, ఇందిరానగర్, టెలికాం నగర్ వీధుల్లో ఒక్కసారి తిరిగి చూడండి. ఏదో ఒక అపార్ట్‌మెంటు ముందు డీసీఎం ఆగి ఉంటుంది. విప్పిన మంచం, చుట్టిన పరుపులు, బీరువా, ఓ మూల తులసి కుండీ. పక్కనే చంటిదాన్ని చంకనేసుకుని ఇల్లాలు హమాలీతో బేరమాడుతూ ఉంటుంది. "నాలుగో అంతస్తమ్మా, ఇంకో ఐదొందలివ్వాలి" అంటాడు అతను. "ఆ మాట ముందు చెప్పలేదుగా" అంటుంది ఈమె. చివరికి మూడొందలకు కుదురుతుంది. రెండొందలు మిగిలాయని ఆమెకు తృప్తి.

కానీ అదే నెలలో ఆ ఇంట్లోంచి యాభై వేలు చప్పుడు లేకుండా జారిపోయి ఉంటాయి. బ్రోకరు కమీషనుగా కొంత, రెండిళ్ళకూ కట్టిన అద్దెగా కొంత, పాత ఓనరు పట్టుకున్న అడ్వాన్సుగా కొంత, కంగారులో కొన్న సామాన్లుగా మరికొంత. వాటి మీద బేరమే జరగలేదు. ఎందుకంటే బేరమాడవలసిన సమయం అప్పటికే దాటిపోయింది. ఇల్లు మారడంలో డబ్బు పోయేది లారీ దగ్గర కాదు. లారీ రావడానికి నెల ముందూ, వచ్చిన తరువాత నెలలోనూ!

మొదటి నెల గండం

1974లో సెంట్రల్ యూనివర్సిటీ పెట్టినప్పుడు గచ్చిబౌలి అంటే రాళ్ళు, గుట్టలే. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. ఆ తరువాత నానక్‌రామ్‌గూడలో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ లేచింది. ఉద్యోగాల వెనకే అద్దెలూ లేచాయి. ఇప్పుడు ఇక్కడ ఉద్యోగం వచ్చిందంటే వరంగల్‌లోనైనా, కర్నూలులోనైనా, రాజమండ్రిలోనైనా ఆ ఇంట్లో పండగే. అయితే జీతం నెలాఖరుకు వస్తుంది, ఖర్చు ఒకటో తారీఖునే వస్తుంది. ఆ మధ్య నెల గడవడానికి చాలా ఇళ్ళలో ఇల్లాలి మెడలోని గొలుసే బ్యాంకుకు వెళ్తుంది.

హనుమకొండ నుంచి గచ్చిబౌలికి వస్తున్న నలుగురు మనుషుల సంసారాన్ని ఉదాహరణకు తీసుకుందాం. పాత ఇంటి అద్దె 10 వేలు, కొత్త ఇంటికి 30 వేలు అనుకోండి. రెండు నెలల అడ్వాన్సు 60 వేలు. మొదటి నెల అద్దె 30 వేలు. బ్రోకరుకు ఒక నెల అద్దె 30 వేలు. మెయింటెనెన్స్ 4 వేలు. లారీ, హమాలీలు, ప్యాకింగు కలిపి 20 వేలు. ఏసీ, గీజరు విప్పి బిగించడానికి 4 వేలు. సమయానికి నోటీసు ఇవ్వనందుకు పాత ఇంటి అద్దె మరో 10 వేలు. పెయింటింగ్ పేరుతో పాత ఓనరు పట్టుకున్నది ఇంకో 10 వేలు. అన్నీ కూడితే 1,68,000 రూపాయలు!

ఇందులో అద్దె, అడ్వాన్సు తప్పవు. కానీ బ్రోకరు 30 వేలు, నోటీసు 10 వేలు, పెయింటింగ్‌లో సగం, ప్యాకింగులో ఓ 8 వేలు... ఈ 53 వేలూ కాస్త ముందుచూపు ఉంటే మిగిలేవే. అంకెలు మీ ఇంటికి వేరుగా ఉండవచ్చు. మీ అంకెలతో ఇదే జాబితా ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఎక్కడ జారుతుందో మీకే కనిపిస్తుంది.

టు-లెట్ బోర్డు చదవండి

కుటుంబమంతా ఒకేసారి దిగిపోవడం కంటే, ఉద్యోగం వచ్చినవాళ్ళు మొదటి నెల హాస్టల్లో ఉండి ఇల్లు వెతుక్కోవడం చవక. ఫోనులో ఫోటోలు చూసి ఇల్లు ఖాయం చేసుకునే వాళ్ళు బ్రోకరు చెప్పిన ఇంటికే వెళ్తారు. సాయంత్రం చల్లబడ్డాక రెండు వీధులు నడిస్తే గేట్లకు కట్టిన టు-లెట్ బోర్డులు కనిపిస్తాయి. వాచ్‌మన్‌ను, మూల మీది కిరాణా కొట్టతన్ని, ఇస్త్రీ బండి వాళ్ళను అడగండి. ఏ ఫ్లాటు ఎప్పుడు ఖాళీ అవుతోందో వాళ్ళకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఇల్లు చూపించిన వాచ్‌మన్‌కు సంతోషంగా ఏదైనా ఇచ్చినా, నెల అద్దె కమీషనుతో పోలిస్తే అది ఏపాటి?

బ్రోకరు తప్పదనుకుంటే సగం నెలా, ఒక నెలా, అగ్రిమెంటు మళ్ళీ రాసినప్పుడు కూడా ఇవ్వాలా అన్నది ఇల్లు చూడకముందే తేల్చుకోండి. ఇల్లు నచ్చాక మన నోటికి బలం ఉండదు.

ఒక్క జాగ్రత్త! 'ఇల్లు మీకే ఉంచుతాను, ముందు టోకెను పంపండి' అని ఫోనులో అడిగేవారికి పైసా కూడా పంపవద్దు. ఎంత పెద్ద ఉద్యోగం చేస్తున్నానని చెప్పినా సరే. ఇల్లు కళ్ళతో చూసి, ఓనరుతో మాట్లాడి, కరెంటు బిల్లు మీద పేరు చూసుకున్నాకే డబ్బు. పొరపాటున మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

దూరపు ఇల్లు చవకేనా?

'గచ్చిబౌలిలో వద్దు, 15 కిలోమీటర్లు అవతలికి వెళ్తే అద్దె 6 వేలు తక్కువ' అంటారు. నిజమే కావచ్చు. కానీ లెక్క వేయండి. రోజూ రానూ పోనూ 30 కిలోమీటర్లు, నెలకు 22 రోజులంటే 660 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు 110 అనుకుందాం. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే బండికి దాదాపు 1,600 రూపాయలు అవుతుంది. అంటే ఇంకా 4,400 లాభమే. అదే లీటరుకు 15 ఇచ్చే కారయితే 4,840! మిగిలేది వెయ్యి చిల్లర. దానికోసం ట్రాఫిక్‌లో రోజుకు గంటన్నర పోగొట్టుకోవడం, పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించే పని ఇల్లాలి మీదే పడటం... ఇవి కూడా లెక్కలోకి రావాలి కదా!

ఇద్దరూ ఉద్యోగం చేస్తుంటే బస్సు స్టాపుకు నడిచి వెళ్ళగలిగే ఇల్లు చూసుకోవడం మేలు. తెలంగాణలో 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. అయితే ఇక్కడి చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు ఆధార్‌లో చిరునామా మార్పును 'తరువాత చూద్దాంలే' అని వాయిదా వేస్తే, వేసినన్ని రోజులూ చార్జీ కట్టినట్టే. మెట్రో రాయదుర్గం వరకూ ఉంది. లింగంపల్లికి లోకల్ రైలుంది. ఈ రెండింటి దారిలో ఇల్లు దొరికితే కాస్త దూరమైనా గిట్టుబాటు అవుతుంది.

అడ్వాన్సు తిరిగి రావాలంటే...

మనం చేసే ఖర్చుల్లో తిరిగి రావలసింది ఇదొక్కటే. కానీ సగం ఇళ్ళలో ఇది పూర్తిగా రాదు. కారణం కాగితం మీద రాసుకోకపోవడం.

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసపు ఇంటికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదంటుంది. ఇది నమూనాయే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే ఓనరుకు వర్తిస్తుంది. అయినా మూడు నెలలు అడిగే ఓనరుతో మాట్లాడేటప్పుడు ఈ మాట పనికొస్తుంది.

అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని చాలామందికి సందేహం. ఏడాదికి మించిన లీజును 1908 నాటి చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఈ పదకొండు. అంటే పన్నెండో నెలలో అద్దె పెంచే మాట వస్తుందన్నమాట. ఎంత శాతం పెంచుతారో ఇప్పుడే రాయించండి. దానితో పాటే ఖాళీ చేసేటప్పుడు ఎన్ని నెలల ముందు చెప్పాలి, పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారు, మెయింటెనెన్స్‌లో ఏమేం వస్తాయి, అడ్వాన్సు తాళాలిచ్చిన రోజే ఇస్తారా, తరువాతా అన్నవి కూడా. మొహమాటం వద్దు. "ఆంటీ, తరువాత మీకూ మాకూ మాట తేడా రాకూడదు, ఇది కూడా ఓ లైను రాసేద్దామండీ" అంటే ఎవరూ నొచ్చుకోరు. నోరు మంచిదైతే ఊరు మంచిది.

తాళాలు చేతికి రాగానే, సామాను దించకముందే గోడలు, కుళాయిలు, గీజరు, కిటికీ అద్దాలు, వంటగది గట్టు అన్నీ ఫోనులో వీడియో తీసి ఓనరుకు పంపండి. పగిలిన టైలు మీరు రాకముందే పగిలిందని రెండేళ్ళ తరువాత చెప్పేది ఆ వీడియోయే.

అద్దె నెలకు 50 వేలు దాటే పెద్ద ఫ్లాటయితే మరో సంగతి. అద్దెకున్నవారే అందులో 2 శాతం పన్నుగా పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. 2024 అక్టోబరుకు ముందు ఇది 5 శాతం ఉండేది. తెలియక వదిలేస్తే వడ్డీ, ఆలస్య రుసుము మన నెత్తినే పడతాయి.

కరెంటు, నీళ్ళు, గ్యాసు

ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు మన కళ్ళు కప్‌బోర్డుల మీదే ఉంటాయి. మీటరు బోర్డు వైపు కూడా ఓసారి చూడండి. ఆ పోర్షనుకు సొంత మీటరుందా? రెండిళ్ళకు ఒకే మీటరయితే యూనిట్లు కలిసిపోయి పై శ్లాబులోకి వెళ్తాయి, ఇద్దరికీ బిల్లు పెరుగుతుంది. తెల్లరేషన్ కార్డున్నవారికి 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి 2024లో మొదలైంది. అది అద్దెకున్నవారికీ వర్తిస్తుంది. ఇల్లు మారితే కొత్త మీటరు నంబరు నమోదు చేయించుకోవడం మరవకండి. పాత బాకీ ఉందేమో బిల్లు చూడండి. చేరిన రోజు మీటరు రీడింగు ఫోటో తీసుకోండి.

ఇక నీళ్ళు. బౌలి అంటే ఉర్దూలో బావి. బావి పేరున్న ఊళ్ళోనే ఎండాకాలం ట్యాంకరు కోసం ఎదురుచూడాల్సి వస్తోంది! మంజీర నీళ్ళు వస్తాయా, బోరేనా, ట్యాంకరు ఖర్చు మెయింటెనెన్స్‌లోనే కలుస్తుందా, విడిగా పంచుతారా అని అడగండి. ఓనరును కాదు, ఆ అపార్ట్‌మెంటులోనే ఉంటున్న ఏ ఇల్లాలినైనా లిఫ్టు దగ్గర అడగండి. 'ఏప్రిల్, మే నెలల్లో మెయింటెనెన్స్ ఎంత వచ్చిందండీ?' అన్న ఒక్క ప్రశ్న చాలు, అసలు సంగతి బయటపడుతుంది.

గ్యాసు విషయంలో ఊరు మారుతున్నారా, ఊళ్ళోనే మారుతున్నారా అన్నది ముఖ్యం. హైదరాబాదులోనే ఒక పేట నుంచి మరో పేటకయితే కాగితాలు బదిలీ చేయించుకుంటే చాలు, సిలిండరు అప్పగించనక్కర్లేదు. వేరే ఊరి నుంచి వస్తే అక్కడి సిలిండరు, రెగ్యులేటరు ఏజెన్సీకి అప్పగించి, డిపాజిటు వెనక్కు తీసుకుని, ఆ వోచరుతో ఇక్కడ మళ్ళీ తీసుకోవాలి. ఇక్కడే చిన్న చిక్కు. వెనక్కు వచ్చేది అప్పుడెప్పుడో మనం కట్టినంతే. కట్టవలసింది ఇప్పటి రేటు. 2022 జూన్‌లో సిలిండరు డిపాజిటు 1,450 నుంచి 2,200కు పెరిగింది. రెగ్యులేటరుకు మరో 250. రెండు సిలిండర్లయితే 4,650! రెండోది వెంటనే కావాలా, రెండు నెలలాగి తీసుకోవచ్చా ఆలోచించండి. పైపు గ్యాసున్న అపార్ట్‌మెంటయితే పొయ్యి మార్చనక్కర్లేదు. మెకానిక్కు చేత బర్నర్ల జెట్లు మార్పిస్తే సరిపోతుంది.

ఏది తీసుకెళ్ళాలి? ఏది వదలాలి?

సామాను సర్దడం రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. అప్పుడే ఏది అక్కర్లేదో తెలుస్తుంది. ఒక్కో వస్తువునూ పట్టుకుని మూడు ప్రశ్నలు వేసుకోండి. కొత్త ఇంట్లో దీనికి చోటుందా? గడిచిన ఏడాదిలో వాడామా? మోసుకెళ్ళే ఖర్చు కన్నా దీని విలువ ఎక్కువా? పాత ప్లైవుడ్ అల్మారా ఒకసారి విప్పి బిగిస్తే మళ్ళీ గట్టిగా నిలబడదు. దాన్ని ఇక్కడే అమ్మేయడం మంచిది. అమ్మమ్మగారి టేకు మంచం మాత్రం ఎంత దూరమైనా మోయించవచ్చు. ఇత్తడి బిందెలు, రాగి కాగు తూకానికి అమ్మబోయే ముందు ఒక్కరాత్రి ఆగండి. ఈ రోజుల్లో అవి మళ్ళీ కొనాలంటే భారమే.

ఇప్పటి నుంచే పప్పులు, నూనె కొత్తవి కొనడం ఆపి, ఉన్నవి వాడేయండి. పచ్చడి జాడీలు, ఊరి బియ్యం మాత్రం వెంట తీసుకెళ్ళాల్సిందే.

ప్యాకింగుకు డబ్బు పోసి అట్టపెట్టెలు కొనకండి. కిరాణా కొట్టులో, మందుల షాపులో అడిగితే ఉచితంగానో, పదీ పరకకో ఇస్తారు. గాజు సామానుకు పాత చీరలు, దుప్పట్లు, టవళ్ళు చుట్టండి. ఎలాగూ అవీ తీసుకెళ్ళాల్సినవే కదా! పుస్తకాలు చిన్న పెట్టెల్లోనే పెట్టండి, పెద్దదానిలో పెడితే అడుగు ఊడుతుంది. ప్రతి పెట్టె మీదా ఏ గదిదో, లోపల ఏముందో పెద్ద అక్షరాలతో రాయండి.

ఏసీ విప్పేముందు లోపలి గ్యాసు బయటి యూనిట్లోకి చేరేలా 'పంప్‌డౌన్' చేయమని మెకానిక్కుకు గట్టిగా చెప్పండి. అలా చేయకుండా పైపులు ఊడదీస్తే గ్యాసంతా పోతుంది, మళ్ళీ నింపడానికి వేలల్లో అవుతుంది. రాగి పైపు కూడా మీదే, వదిలి రాకండి. ఫ్రిజ్ ముందు రోజే ఖాళీ చేసి, నిలువుగానే తీసుకెళ్ళాలి. కొత్త ఇంట్లో పెట్టాక నాలుగైదు గంటలు ఆగి స్విచ్చి వేయండి.

మంచిరోజు... మంచి రేటు

ఆదివారం, నెల మొదటి తారీఖు, పంచాంగంలో మంచిరోజు... ఈ మూడూ కలిసిన రోజున లారీ కిరాయి చుక్కలు చూపిస్తుంది. నెల మధ్యలో, మామూలు వారంలో అడిగి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఆషాఢంలో ఇల్లు మారడం మనవాళ్ళకు ఇష్టముండదు. అందుకే ఆ నెలలో ఖాళీ ఇళ్ళ ఓనర్లు, లారీల వాళ్ళు కాస్త మెత్తబడతారు. పట్టింపు లేనివాళ్ళకు అది మంచి అదను. పట్టింపున్నవాళ్ళు ముందే మంచిరోజు చూసి పాలు పొంగించి, సామాను తరువాత తెచ్చుకుంటారు. అప్పుడు అద్దె పాలు పొంగించిన రోజు నుంచా, సామాను దిగిన రోజు నుంచా అన్నది ముందే మాట్లాడుకోవాలి. ఆ పది, పదిహేను రోజుల తేడా ఎంత లేదన్నా పది వేలు!

పిల్లల చదువు మధ్యలో మారకండి. రెండు చోట్లా ఫీజు కట్టినట్టవుతుంది. పరీక్షలయ్యాక, జూన్‌లో బడులు తెరవకముందే మారడం అన్ని విధాలా మేలు.

హైదరాబాదు నుంచి సరుకు దించి ఖాళీగా వెనక్కు వెళ్ళే లారీలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. మీ ఊళ్ళో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో అలాంటి రిటర్న్ బండి అడగండి. ప్యాకర్స్ వాళ్ళనే పెట్టుకుంటే ముగ్గురి దగ్గర రేటు తీసుకోండి. అందరికన్నా మరీ తక్కువ చెప్పినవాళ్ళతోనే జాగ్రత్త. సగం దారిలో లెక్క పెంచి, డబ్బిస్తేనే సామాను దించుతామనే వాళ్ళూ ఉంటారు. ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా, హమాలీ కలిసిందా, పన్ను కలిసిందా, పగిలితే ఎవరు భరిస్తారు అన్నీ కాగితం మీద ఉండాలి. మొత్తం డబ్బు ముందే ఇవ్వకండి. తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. 2019 చట్టం ప్రకారం మీరుండే ఊళ్ళోనే కేసు వేయవచ్చు. బంగారం, సర్టిఫికెట్లు, అగ్రిమెంటు, ల్యాప్‌టాప్ లారీ ఎక్కకూడదు, మీ చేతిసంచిలోనే ఉండాలి.

పెద్ద అపార్ట్‌మెంట్లలో సామాను దించడానికి వేళలుంటాయి, కొన్నిచోట్ల విడిగా రుసుము కూడా ఉంటుంది. సెక్యూరిటీ వాళ్ళను ముందురోజే అడిగి పెట్టుకోండి. గేటు దగ్గర లారీ నిలిచిపోతే వెయిటింగు చార్జీ మనదే.

వెళ్ళగానే కొనకండి

కొత్త ఇల్లు చూడగానే చేతులు ఊరుకోవు. కర్టెన్లు, షూ ర్యాకు, డైనింగ్ టేబులు... నెల రోజులు ఓపిక పట్టండి. ఎండ ఏ కిటికీలోంచి వస్తుందో, ఏ మూల ఎంత చోటుందో ఉంటేనే తెలుస్తుంది. టేపుతో కొలవకుండా కొన్న సోఫా తలుపులో పట్టక తిప్పి పంపిన ఇళ్ళెన్నో! ఉద్యోగాలు మారి వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువగా ఉండే పేట ఇది. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ప్రతి వారం ఎవరో ఒకరు మంచి టేబులు, కుర్చీలు, మొక్కల కుండీలు తక్కువకే అమ్ముతుంటారు. స్టీలు సామాను కావాలంటే ఒకరోజు బేగంబజార్ వెళ్ళి రండి, తూకానికి తెచ్చుకోవచ్చు.

ఇంతా చేసి ఆ నోటుబుక్కు పారేయకండి. మీటరు రీడింగు, అడ్వాన్సు, నోటీసు తేదీ, లారీ అతని నంబరు అన్నీ అందులోనే ఉంటాయి. అద్దె ఇంట్లో ఉన్నంతకాలం మళ్ళీ దాని అవసరం వస్తుంది.

అన్నట్టు, హమాలీ దగ్గర మిగిలిన ఆ రెండొందల మాట! వాటిని అతనికే ఇచ్చేయండి. మీ బీరువాను వీపు మీద నాలుగంతస్తులు మోసిన మనిషి. పైగా ఇంకో గ్లాసుడు మజ్జిగ కూడా ఇవ్వండి. మీ ఆదా అతని దగ్గర లేదు. నెల ముందు మీరు రాయించుకున్న కాగితంలో ఉంది, అడగడానికి మొహమాటపడని మీ నోట్లో ఉంది. ఆ రెండూ ఉంటే మీ మెడలో గొలుసు మీ మెడలోనే ఉంటుంది.